డాలస్ ఆకాశంలో ధ్రువకాంతి: ఎప్పుడు, ఎటువైపు, ఎంత ఎత్తున

(డాలస్ పరిసరాల్లోని తెలుగువారి కోసం చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాసింది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవారికి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఈ మ్యాపు మీద రెండే రెండు చుక్కలు పెట్టాను. ఒకటి మనం కూర్చున్న డాలస్. రెండోది లద్దాఖ్‌లోని హాన్లే. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థవాళ్ల అబ్జర్వేటరీ అక్కడే ఉంది, దాదాపు 4,500 మీటర్ల ఎత్తున. ఇప్పుడు అక్షాంశాలు చూడండి. డాలస్ 32.8 డిగ్రీల ఉత్తరం. హాన్లే? అదీ 32.8 డిగ్రీల ఉత్తరమే. భూగోళం మీద దారం పట్టి గీసినట్టు రెండూ ఒకే గీత మీద ఉన్నాయి.

2024 మే 10న పెద్ద అయస్కాంత తుఫాను వచ్చింది, అంటే సూర్యుడి నుంచి వచ్చిన తాకిడికి భూమి అయస్కాంత క్షేత్రం అల్లకల్లోలమైంది. ఇక్కడ చీకటి పడ్డాక ఉత్తరాన ఎరుపు, గులాబీ రంగు కాంతి స్తంభాలు లేచాయి. అదే ధ్రువకాంతి, ఇంగ్లీషులో అరోరా. ఫ్రిస్కోలో, మెకినీలో ఇంటి ముందు నిలబడి ఫోనుతో తీసినవాళ్లు ఈ గదిలోనే ఉండి ఉంటారు. హాన్లేలో? ప్రపంచంలోనే మంచి చీకటి ఉన్న చోట్లలో ఒకటి, పలచని గాలి. అక్కడి కెమెరాలకు దొరికింది దిగంతం దగ్గర మసక ఎరుపు. ఒకే తుఫాను, ఒకే అక్షాంశం. మరి ఎందుకిలా?

సమయం కొంత కారణం. హాన్లేలో రాత్రి అయ్యేసరికి తుఫాను ఇంకా పెరుగుతోంది. మనకు చీకటి పడిన 9, 10 గంటల ప్రాంతానికి అది ఉచ్చస్థితిలో ఉంది. కానీ అసలు కారణం అది కాదు. ధ్రువకాంతికి మన మ్యాపుల్లోని అక్షాంశంతో పని లేదు. దానికి కావలసింది అయస్కాంత అక్షాంశం.

భూమిని ఒక పెద్ద దండాయస్కాంతం అనుకుంటే దాని ఉత్తర కొస కెనడాలో, ఎల్స్‌మియర్ దీవి దగ్గర వస్తుంది. అంటే అయస్కాంత ధ్రువం అమెరికా వైపు వాలి ఉంది. ఆ ధ్రువాన్ని బట్టి లెక్కిస్తే డాలస్ అయస్కాంత అక్షాంశం సుమారు 41 డిగ్రీలు. హాన్లే సుమారు 24 డిగ్రీలే. తేడా 17 డిగ్రీలు, దాదాపు 1,900 కిలోమీటర్లు. హైదరాబాద్ అయితే? మ్యాపు మీద 17 డిగ్రీలు, అయస్కాంతం లెక్కలో సుమారు 9. ఇంటికి ఫోన్ చేసి “అక్కడ కనపడిందా?” అని అడుగుతుంటారు కదా, అందుకే కనపడదు.

కనపడదు కానీ తుఫాను తగలదని కాదు. హైదరాబాద్‌లో, చౌటుప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐవాళ్ల అయస్కాంత పరిశీలనశాలలు ఉన్నాయి. పెద్ద తుఫాను వచ్చినప్పుడు అక్కడ అయస్కాంత క్షేత్రం బలం చూపే గీత కూడా కిందికి జారుతుంది. 1859లో, చరిత్రకెక్కిన క్యారింగ్టన్ తుఫానులో, బొంబాయి కొలాబా పరిశీలనశాల దాదాపు 1,600 నానోటెస్లాల (అయస్కాంత క్షేత్రం బలానికి కొలత) పతనం నమోదు చేసింది. ఇప్పటికీ ఆ తుఫాను బలం అంచనా కట్టాలంటే శాస్త్రవేత్తలు ఆ కొలాబా గీత దగ్గరికే వెళ్తారు. 1872 ఫిబ్రవరి 4న అయితే బొంబాయిలోనే ధ్రువకాంతి కనపడినట్టు రికార్డు ఉంది. అంత పెద్ద తుఫాను వస్తే తప్ప హైదరాబాద్ లాంటి చోట్ల ఆశ పెట్టుకోలేం. టెక్సస్‌లో పెట్టుకోవచ్చు. ఎంత ఆశ, ఏ రాత్రి, అదే ఇవాళ్టి మాట.

అయస్కాంత తుఫాను బలం చెప్పే కేపీ అనే అంకె మీరంతా విన్నదే. 0 నుంచి 9 దాకా ఉంటుంది. 5 వస్తే జీ1 తుఫాను, అంటే అన్నిటికన్నా చిన్న స్థాయి; 9 వస్తే జీ5, అన్నిటికన్నా పెద్దది. అమెరికా ప్రభుత్వ అంతరిక్ష వాతావరణ కేంద్రం కొలరాడోలోని బౌల్డర్‌లో ఉంది. ధ్రువకాంతి అయస్కాంత ధ్రువం చుట్టూ వలయంలా వెలుగుతుంది. వాళ్ల పట్టిక ప్రకారం కేపీ 5 ఉంటే ఆ వలయం దక్షిణపు అంచు 56 అయస్కాంత డిగ్రీల దగ్గర ఉంటుంది. కేపీ ఒక్కటి పెరిగితే ఆ అంచు సుమారు 2 డిగ్రీలు దిగుతుంది. 9కి 48 దగ్గరికి వస్తుంది. మనం ఎక్కడున్నాం? 41లో. అంటే కేపీ 9 రాత్రి కూడా ధ్రువకాంతి మన నెత్తి మీద ఉండదు. ఏడు డిగ్రీల ఉత్తరాన, దాదాపు 780 కిలోమీటర్ల దూరంలో, కాన్సస్ ఉత్తరపు సరిహద్దు దగ్గర ఎక్కడో ఉంటుంది. మనం దాన్ని పక్కనుంచి చూస్తాం.

పక్కనుంచి చూస్తాం. ఈ మాట గట్టిగా పట్టుకోండి, మిగతాదంతా ఇందులోంచే వస్తుంది.

ఆకుపచ్చ కాంతి పుట్టేది 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో. ఎరుపు పుట్టేది 200 పైన, 300, 400 కిలోమీటర్ల దాకా. రెండూ ఆక్సిజన్ పరమాణువు ఇచ్చేవే. ఎలక్ట్రాన్ల దెబ్బకు ఉత్తేజితమైన పరమాణువు ఆకుపచ్చ ఇవ్వడానికి సెకనులో ముప్పావు వంతు తీసుకుంటుంది. ఎరుపు ఇవ్వడానికి దాదాపు 110 సెకన్లు కావాలి. కింద గాలి చిక్కగా ఉంటుంది, అంతసేపు ఆ పరమాణువును ఎవరు కుదురుగా ఉండనిస్తారు? ఇంకో అణువు వచ్చి గుద్దుకుంటుంది, ఉన్న శక్తి పోతుంది, ఎరుపు రాదు. అందుకే ఎరుపు పైన మాత్రమే.

ఊరికి దూరం నుంచి వస్తుంటే ముందు గాలిగోపురం మీది కలశాలు కనపడతాయి, గుడి కనపడదు. ఇక్కడా అంతే. భూమి వంపు కిందిభాగాన్ని దాచేస్తుంది, పైభాగం మిగులుతుంది. కొలతల్లో చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. కేపీ 9 రాత్రి డాలస్ నుంచి చూస్తే 300 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఎరుపు దిగంతానికి సుమారు 17 డిగ్రీల పైన ఉంటుంది. ఆకుపచ్చ నాలుగైదు డిగ్రీలు. కేపీ 8 అయితే ఎరుపు 11, 12 డిగ్రీలు, ఆకుపచ్చ ఒకటిన్నర. కేపీ 7కి ఎరుపు ఏడెనిమిది, ఆకుపచ్చ దిగంతం కిందే.

డిగ్రీలు ఎలా కొలవాలి? చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగించండి. ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. ధ్రువనక్షత్రం మనకు 33 డిగ్రీల ఎత్తున ఉంటుంది, అంటే మూడు పిడికిళ్లు దాటి కొంచెం. కేపీ 9 రాత్రి ఎరుపు కోసం దాని కింద, దానికి సగం ఎత్తున వెతకండి. ఇప్పుడు చెప్పండి, మీ సబ్‌డివిజన్‌లో ఉత్తరం వైపు రెండంతస్తుల ఇల్లు ఎన్ని డిగ్రీలు కప్పేస్తుంది? ఇరవై, ముప్పై డిగ్రీలు. అదే సగం మందికి కనపడకపోవడానికి కారణం. తుఫాను తప్పు కాదు, పక్కింటి కప్పు అడ్డం.

మే 2024లో మరి అంతకన్నా ఎత్తున కనపడింది కదా అంటారు. నిజమే. కేపీ 9తో ఆగిపోతుంది, ఆపైన అంకె లేదు. 9లో చిన్నదీ ఉంటుంది, భారీదీ ఉంటుంది. ఆ తేడా డీఎస్‌టీ అనే ఇంకో సూచిక చెబుతుంది, భూమి అయస్కాంత క్షేత్రం ఎంత తగ్గిందో చూపేది అది. మే 2024లో అది మైనస్ 400 నానోటెస్లాలు దాటింది. అదే సంవత్సరం అక్టోబరు 10న మైనస్ 330 ప్రాంతం. క్విబెక్‌లో అరవై లక్షల మందికి తొమ్మిది గంటలు కరెంటు పోయిన 1989 మార్చి తుఫానులో మైనస్ 589. మైనస్ ఎంత లోతుకు పోతే వలయం అంత దక్షిణానికి దిగుతుంది.

ఇక తుఫాను ఎక్కణ్నుంచి వస్తుంది? సూర్యుడి మీద మచ్చల గుంపులో పేలుడు జరుగుతుంది. మెరుపు ఒకటి, దాన్ని సౌరజ్వాల అంటాం. బలాన్ని బట్టి ఎం తరగతి, అంతకన్నా పెద్దదైతే ఎక్స్ తరగతి అని వార్తల్లో వస్తుంది. దాంతోపాటు చాలాసార్లు కోట్ల టన్నుల వేడి వాయువు, దానిలో చిక్కుకున్న అయస్కాంత క్షేత్రం బయటికి ఎగజిమ్ముతుంది. దాని పేరు సీఎంఈ. తుఫాను తెచ్చేది సీఎంఈ. జ్వాల కాదు. మళ్లీ చెబుతున్నాను, జ్వాల కాదు. మే 2024 గుంపు, 13664 నంబరుది, ఆ నెలలో మనకు ఎదురుగా కనపడినన్నాళ్లలో అన్నిటికన్నా పెద్ద జ్వాల విసిరింది మే 14న, ఎక్స్ 8.7. ఏమైంది? మనకేమీ రాలేదు. అప్పటికి ఆ గుంపు సూర్యుడి పడమటి అంచుకు తిరిగిపోయింది, విసిరింది వేరే వైపు పోయింది. మే 10 తుఫానుకు ముందు జ్వాలలు అంతకన్నా చిన్నవే. కానీ గుంపు మనకు ఎదురుగా ఉంది, వరసగా సీఎంఈలు వదిలింది, వెనకవి వేగంగా వచ్చి ముందువాటిని కలుపుకున్నాయి. కాబట్టి “ఎక్స్ జ్వాల వచ్చింది, రాత్రికి ధ్రువకాంతి” అని వాట్సాప్‌లో ఎవరైనా పంపితే మీరు అడగాల్సింది ఒకటే: మచ్చ ఎక్కడుంది, సీఎంఈ మన వైపు బయల్దేరిందా?

బయల్దేరితే మామూలుగా రెండు మూడు రోజుల ప్రయాణం. చాలా వేగమైనవి ఒక్కరోజులోపే. 1859లో పదిహేడున్నర గంటల్లో వచ్చింది. బౌల్డర్‌వాళ్లు ముందుగా ‘వాచ్’ అనే సూచన ఇస్తారు. అది అంచనా మాత్రమే. చేరే సమయంలో ఆరు గంటలు, పన్నెండు గంటలు అటూ ఇటూ అవ్వడం మామూలే. వాచ్ చూసి కారెక్కకండి. సెలవు పెట్టకండి. బ్యాటరీలు ఛార్జింగ్‌కు పెట్టండి, అంతే.

తర్వాతది కీలకం. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపు ఎల్1 అనే చోటు ఉంది. ఏస్ లాంటి నౌకలు అక్కడ కాపలా కాస్తాయి. మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయల్దేరిన ఆదిత్య-ఎల్1 కూడా అక్కడిదే, 2024 జనవరి 6న కక్ష్యలో కుదురుకుంది. మే తుఫానులో సౌరగాలిని, అంటే సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహాన్ని, అది కూడా కొలిచింది. సీఎంఈ ముందుగా ఈ నౌకలను తాకుతుంది. సెకనుకు 800 కిలోమీటర్ల వేగమైతే అక్కణ్నుంచి మనకు అరగంట. 400 అయితే గంట. నిజమైన ముందస్తు సమాచారం మనకు ఇంతే, అరగంట నుంచి గంట.

అక్కడ ఏం చూడాలి? బీజెడ్. సౌరగాలిలోని అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి తిరిగి ఉందా, దక్షిణానికా అని చెప్పే అంకె. ప్లస్ అయితే ఉత్తరం, భూమి క్షేత్రం తలుపు వేసుకుంటుంది. మైనస్ అయితే దక్షిణం, రెండు క్షేత్రాలూ కలుసుకుంటాయి, శక్తి లోపలికి వస్తుంది. సీఎంఈ ఎంత వేగంగా వచ్చినా బీజెడ్ ప్లస్‌లో కూర్చుంటే టెక్సస్‌లో ఏమీ కనపడదు. జీ4 వాచ్ ఇచ్చిన రాత్రులు ఉసూరుమనిపించేది ఇందుకే. సూర్యుడి దగ్గర పేలుడు చూసి వేగం చెప్పగలం, బీజెడ్ ఎటు తిరిగి వస్తుందో ఎల్1 దాకా వస్తే గాని చెప్పలేం. అంచనా వేసేవాళ్లను తిట్టకండి, దయచేసి. వాళ్లు చాలా కష్టమైన పని చేస్తున్నారు.

బీజెడ్ మైనస్ 5 నానోటెస్లాలు అయితే ఉత్తరాన ఉన్న మిన్నెసోటావాళ్లకు పనికొస్తుంది. మనకు చాలదు. డాలస్ కోసం నేను చెప్పే హద్దు ఇది: బీజెడ్ మైనస్ 20 లేదా అంతకన్నా కింద, గంటకు పైగా నిలకడగా, సౌరగాలి వేగం సెకనుకు 600 కిలోమీటర్లు దాటి. ఇది పుస్తకంలోని సూత్రం కాదు, పనికొచ్చే హద్దు. ఐదు నిమిషాలు మైనస్ 25కి పోయి మళ్లీ ప్లస్‌కు వస్తే కదలకండి. మే 2024లో బీజెడ్ మైనస్ 40 కూడా దాటింది.

ఎవరో కేపీ యాప్ చాలదా అని అడుగుతున్నారు. చాలదండీ. కేపీ మూడు గంటలకొక అంకె, అదీ జరిగిపోయినదాని లెక్క. యాప్‌లో 8 అని మోగేసరికి మంచి ఘట్టం అయిపోయి ఉండవచ్చు. బీజెడ్ ముందు, కేపీ తర్వాత. బౌల్డర్‌వాళ్ల సైటులో రాబోయే పరిస్థితిని అరగంట ముందే చూపే ధ్రువకాంతి మ్యాపు కూడా ఉంటుంది, అది చూడండి.

ఎక్కడికి వెళ్లాలి? ఉత్తరానికి. ఎందుకంటే నగరం వెలుతురు మన వెనక ఉండాలి. ఇర్వింగ్ నుంచి దక్షిణాన వాక్సహాచీ పోతే చీకటి దొరుకుతుంది, కానీ చూడాల్సిన ఉత్తర దిక్కంతా డాలస్ వెలుతురే. చాలామంది చేసే పొరపాటు ఇది. 75 నంబరు హైవే పట్టుకుని డెనిసన్ పోతే టెక్సోమా సరస్సు దక్షిణపు ఒడ్డు. ఎదురుగా ఉత్తరాన నీళ్లు, అడ్డం లేదు. ఐసెన్‌హోవర్ స్టేట్ పార్క్ అక్కడే ఉంది, రాత్రి ఉండే నియమాలు ముందే కనుక్కోండి. ఇంకా చీకటి కావాలంటే క్వానా దగ్గరి కాపర్ బ్రేక్స్ స్టేట్ పార్క్, అంతర్జాతీయ గుర్తింపు ఉన్న చీకటి ఆకాశపు పార్కు అది. కానీ మూడు గంటలు దాటిన ప్రయాణం, అప్పటికప్పుడు బయల్దేరితే అందదు. అరగంట దూరంలో రెండు చోట్లు పగలే చూసి పెట్టుకోండి. సెలీనా, గంటర్ వైపు పొలాల మధ్య రోడ్లు చాలు. దిక్సూచి పెట్టి ఉత్తరం ఎటో, ఏ చెట్టు అడ్డమో పగలే చూసుకోవాలి.

ఒక్క జాగ్రత్త. టెక్సస్‌లో కంచె గుంజలకు, చెట్లకు ఊదారంగు పెయింటు గీత ఉంటే అది “లోపలికి రావద్దు” అన్న చట్టబద్ధమైన హెచ్చరిక. బోర్డు ఉన్నట్టే లెక్క. గేటు తెరిచి ఉందని పొలంలోకి దిగకండి. రోడ్డు అంచు పూర్తిగా దాటించి బండి ఆపండి. గడ్డిలో పాములుంటాయి, టార్చి కిందికి పట్టి నడవండి, ఎర్ర టార్చి అయితే మేలు.

చందమామ సంగతి. మే 10న మూడో నాటి సన్నని నెలవంక, అడ్డం కాలేదు. అక్టోబరు 10న సగం చంద్రుడు, అయినా కెమెరాలకు బాగానే దొరికింది. పౌర్ణమి రాత్రి మసక ఎరుపు మాత్రం కష్టం.

ఇక కన్ను. చీకట్లో పనిచేసే కంటి కణాలకు 630 నానోమీటర్ల ఎరుపు దాదాపు తెలియదు. సరిగ్గా ధ్రువకాంతి ఎరుపు అదే. అందుకే మీకు బూడిదరంగు మసకగా, పలచని మబ్బులా ఉన్నది ఫోనులో నెత్తుటి ఎరుపుగా వస్తుంది. ఫోను అబద్ధం చెప్పడం లేదు. మీ కన్నూ చెడిపోలేదు. కాంతి బాగా పెరిగితే, మే 10న పెరిగినట్టు, కంటికీ రంగు తెలుస్తుంది. ఇరవై, ముప్పై నిమిషాలు ఫోను స్క్రీన్ చూడకుండా ఉంటేనే కన్ను చీకటికి అలవాటు పడుతుంది. ఇది ఎంత చెప్పినా ఎవరూ పాటించరు. ఒకళ్లు ఫోను చూసి బీజెడ్ చెప్పండి, మిగతావాళ్లు ఆకాశం చూడండి.

ఫోను: నైట్ మోడ్, ట్రైపాడ్ మీద, 10 సెకన్లు, ఫ్లాష్ ఆపేసి, మూడు సెకన్ల టైమరు పెట్టి. వేలితో నొక్కితే కదులుతుంది. కెమెరా అయితే 24 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా వెడల్పు లెన్సు, ఎఫ్ 2.8 లేదా ఇంకా తెరిచి, ఐఎస్‌ఓ 1600 నుంచి 3200, 8 నుంచి 15 సెకన్లు. అంతకు మించితే స్తంభాలు కదిలి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఆటోఫోకస్ ఆపి, ప్రకాశమైన నక్షత్రాన్ని స్క్రీన్‌పై పెద్దది చేసి, చుక్క చిన్నదయ్యే దాకా చేత్తో తిప్పండి. లెన్సు మీద అనంతం గుర్తును నమ్మకండి, చాలా లెన్సుల్లో అది కొంచెం తప్పుతుంది. వైట్ బ్యాలన్స్ ఆటోలో వద్దు. ఆటో ఏం చేస్తుంది? ఎరుపు ఎక్కువైందని తీసేస్తుంది. మీరు అంత దూరం వచ్చింది ఆ ఎరుపు కోసమే కదా? 3,500 నుంచి 4,000 కెల్విన్ మధ్య ఒకచోట ఖాయం చేయండి, రా ఫార్మాట్‌లో తీయండి.

ఫొటోలో వచ్చింది ధ్రువకాంతా, షెర్మన్ ఊరి వెలుతురా? ఐదు నిమిషాల తేడాతో అదే ఫ్రేములో మూడు తీయండి. ఊరి వెలుతురు అంగుళం కదలదు, కింద ప్రకాశంగా ఉండి పైకి పోతుంటే తగ్గుతుంది. ధ్రువకాంతిలో నిలువు గీతలు ఉంటాయి, అవి జరుగుతాయి, మాయమవుతాయి. మన ఎరుపు చాలాసార్లు కింద కాదు, దిగంతానికి కాస్త పైన చిక్కగా ఉంటుంది. ఇది మంచి గుర్తు.

కనపడి పోయిందా? వెళ్లిపోకండి. పది, ఇరవై నిమిషాలు వెలిగి తగ్గుతుంది, గంటకో రెండు గంటలకో మళ్లీ లేస్తుంది. బీజెడ్ ఇంకా దక్షిణంలోనే ఉంటే ఉండండి. ఉత్తరానికి తిరిగి గంట దాటితే ఇంటికెళ్లి పడుకోండి, పొద్దున ఆఫీసు ఉంటుంది.

ఇంకెన్నాళ్లు ఈ అవకాశం? ఈ సౌరచక్రం ఉచ్చస్థితి 2024లోనే వచ్చింది. అయిపోయిందని కాదు. 2025 నవంబరు 11 రాత్రి జీ4 తుఫానుకు టెక్సస్, ఫ్లోరిడా దాకా కనపడింది. 2003 అక్టోబరు చివరి పెద్ద తుఫానులు కూడా ఆ చక్రం ఉచ్చస్థితి దాటాక రెండు మూడేళ్లకు వచ్చినవే. దిగే దశలో పెద్దవి రావడం కొత్త కాదు. మార్చి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో భూమి వాలు తుఫానుకు అనుకూలంగా ఉంటుంది, అప్పుడు ఎక్కువ కన్నేయండి.

చివరిగా ఒక పని అడుగుతాను. అరోరాసారస్ అనే పౌర విజ్ఞాన ప్రాజెక్టు ఉంది. మీరు చూసినది అందులో నమోదు చేయండి: నిమిషంతో సహా సమయం, చోటు, దిక్కు, ఎన్ని పిడికిళ్ల ఎత్తు, ఏ రంగు, కంటికి కనపడిందా కెమెరాకేనా. ఫొటోను ఎడిట్ చేయకముందు కాపీ దాచుకోండి, ఫోను గడియారం సరిగా ఉందో చూసుకోండి. ధ్రువకాంతి వలయం దక్షిణపు అంచు నిజంగా ఎక్కడిదాకా వచ్చిందో సరిచూసుకోవడానికి మనలా వలయానికి దక్షిణాన ఉన్నవాళ్ల నివేదికలే కావాలి. ఆకాశం తేటగా ఉండి, ఉత్తరం తెరిచి ఉండి, ఏమీ కనపడకపోతే అదీ రాయండి. “కనపడలేదు” అన్నది కూడా వాళ్లు తీసుకుంటారు, ఆ అంచు గీయడానికి అదీ పనికొస్తుంది.